తాతకు రుచి చెప్పిన రోజులు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, కాళ్లు చాపుకోండి, పనులుంటే తర్వాత చూసుకోవచ్చు. నా గొంతు ఇప్పుడు దూరం పోదు. ఇవాళ పొద్దున మా కోడలు పొయ్యి మీద జొన్న గటక, అంటే జొన్న రవ్వ జావ, పెట్టి, ఎవరో పిలిస్తే వాకిట్లోకి పోయింది. గటక అడుగంటింది. జొన్న మాడితే మొదట పేలాలు వేయించినట్టు కమ్మగా వస్తుంది వాసన, తర్వాత గొంతులో చేదుగా నిలబడిపోతుంది. కోడలు ఉరికొచ్చి గిన్నె దింపి, "పాడాయె గదా అత్తమ్మా" అని నొచ్చుకుంది. నేను పీట మీద నుంచి లేవలేకపోయాను. ఆ వాసన వెనకే మా తాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మీరెవరూ ఆయన్ని చూడలేదు. నేను చెబితేనే చూస్తారు.

మాది చిట్యాల దగ్గర నేతపని వాళ్ల ఊరు. మా తాత అంటే మా బాపును కన్న తండ్రి. పొడుగు మనిషి, ఎముకలు గట్టివి, మగ్గం గుంటలో దిగితే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు. నాకు ఆయన తల్లి పేరు పెట్టారు, నర్సమ్మ అని. కన్నతల్లిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, నేను పుట్టినప్పటి నుంచి ఆయన నన్ను "అవ్వా" అనే పిలిచాడు. మా వైపు అవ్వ అంటే నాయనమ్మే కాదు, తల్లి కూడా. ముక్కు తుడుచుకోవడం రాని పిల్లను పట్టుకుని అంత పెద్దమనిషి "అవ్వా, జర మంచినీళ్లు తేవే" అంటుంటే మా వాడలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "ఏందే నర్సవ్వా, కొడుకును మంచిగ సాదుతున్నవా లేదా" అని నన్ను ఆపి మరీ అడిగేవాళ్లు.

తాత నాలుకంటే మా ఇంట్లో అందరికీ భయమే. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎవరు వండారో, ఎట్లాంటి మనసుతో వండారో చెప్పేవాడు. "ఇయ్యాల పప్పు తాళింపేసినోళ్ల మనసు పుట్టింటి కాడ ఉన్నది" అనేవాడు, మా అమ్మ వైపు చూడకుండా. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అంత నాలుక ఉన్న మనిషికి వండిపెడుతూ కూడా మా ఇంట్లో వండేవాళ్లెవరూ రుచి చూడరు. పెద్దవాళ్లు తినకముందు గంటె నాలుకకు తాకితే వంటంతా ఎంగిలి అయినట్టే. ఉప్పు చేతి అంచనాతోనే పడాలి. తప్పితే తాత నోటి నుంచి మాట పడాలి, అంతే.

ఆయనకు తంబాకు అలవాటు. ఎడమ దవడలో పెట్టుకుని నేసేవాడు. ఆ దవడలోనే పుండు లేచింది. మొదట కారం తగిలితే మండుతోందన్నాడు. కొన్నాళ్లకు కారమే మానేశాడు. అప్పుడు మా అమ్మకు భయం పట్టుకుంది. పసరు మందులు అయ్యాయి, నల్లగొండ దవాఖాన అయింది, అక్కడివాళ్లు పట్నం పొమ్మన్నారు. పట్నం అంటే మాకు హైదరాబాదే. తాతను అక్కడ చూపించుకొచ్చిన రోజు బాపు వాకిట్లోనే నిలబడి, "రాచపుండట" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఇదంతా మా జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మరుసటేడో, ఆ పై ఏడో, సరిగ్గా చెప్పలేను. నాకు పదమూడో పధ్నాలుగో ఉంటాయి.

చాలా రోజులు పట్నంలో ఉండి వైద్యం చేయించాలన్నారు. అమ్మ పచ్చి బాలింత. బాపు మగ్గం ఆపితే ఇల్లు నడవదు, ఆయన వస్తూ పోతూ ఉండాలి. వండిపెట్టడానికి మిగిలింది నేను. దవాఖాన వెనక గల్లీలో బీబమ్మ అని ఒక ముసలామె ఇంట్లో మాకు ఒక గది కిరాయికి దొరికింది. ఒక మూల బొగ్గుల పొయ్యి, ఒక మూల తాత చాప. పొద్దున్నే ఆయన్ని నడిపించుకుపోయేదాన్ని. దవాఖానలో కరెంటు పెట్టేవాళ్లు. కరెంటు అని మేమంటాం గానీ, పెద్ద యంత్రం కింద పడుకోబెట్టి పుండు మీదికి కంటికి కనబడని కిరణమేదో పంపేవాళ్లు. మొదటి రోజు బయటికొచ్చి, "ఏం లేదవ్వా, లోపల సల్లగున్నది, జరంత నిద్ర గూడ పట్టింది" అన్నాడు. పోనుపోను చెంప మీద తోలు నల్లబడింది. నోరంతా లోపల పొక్కింది. ఉమ్మి ఎండిపోయింది.

డాక్టరు సాబు నెమ్మది మనిషి. బాపు వచ్చిన రోజు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: "మనిషి తింటేనే మేం కరెంటు పెట్టగలం. ఇంకా చిక్కిపోతే మధ్యలో ఆపాలి. ఆపితే పుండు ఊరుకోదు." ఆ సాయంత్రం బస్సుకు పోతూ బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యితోనే నాకు తెలిసింది, తాత బతకడం ఇక నా గిన్నెలో ఉందని.

ఆ గిన్నె నా మాట వినేది కాదు. గటక మాడ్చేదాన్ని, లేకపోతే ఉండలు కట్టించేదాన్ని. ఉండ తగిలితే తాత కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒక రోజు తాగడం ఆపి అడిగాడు.

"అవ్వా, పడుగుకు గంజి ఎట్ల కాస్తమే?"

మగ్గానికి ఎక్కించే ముందు పొడుగు దారాలకు గంజి పట్టిస్తాం కదా, అది మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. "పిండి సల్లనీళ్లల్ల కలిపి, మసిలే నీళ్లల్ల సన్నంగ పోసుకుంట తిప్పుతం. గుడ్డల వడగడ్తం" అన్నాను.

"ఎందుకు వడగడ్తం?"

"ఉండ ఉంటే దారం తెగుతది."

"నా గొంతు గూడ గిప్పుడు దారమే" అన్నాడు.

ఆ రోజు నుంచి జొన్న గటకైనా పెసరపప్పు కట్టైనా పలచటి గుడ్డలో వడగట్టి, రెండు వేళ్ల మధ్య రాసి చూసి ఇచ్చేదాన్ని. జారుగా దిగేది. "గంజి పట్టిన పడుగు లెక్క నన్ను గూడ బజార్ల సాపి కుంచె పెట్టేటట్టున్నవ్" అని నవ్వబోయి, పెదవి పగిలి ఆగిపోయాడు.

అంతటితో గండం తప్పిందనుకున్నాను. తర్వాత రుచి పోయింది. మా ఇంటిని గడగడలాడించిన నాలుకకు ఉప్పూ చప్పనా తేడా తెలియకుండా పోయింది. "మన్ను లెక్కున్నదే" అని గిన్నె పక్కకు జరిపాడు. సాయంత్రమూ అంతే, మర్నాడూ అంతే. బతిమాలాను, ఏడ్చాను, కోపం చేశాను. గిన్నె మీద మీగడ కట్టింది. తాత గోడ వైపు తిరిగి పడుకుని, చాలాసేపటికి ఇటు తిరిగాడు.

"ఉప్పేసినవా అవ్వా?"

"వేసిన తాతా."

"వేసినవని నీకెట్ల తెలుసు?"

"చెయ్యికి తెలుసు."

"చెయ్యి మాట నాకెందుకు. నోట్లె పోసుకోని చెప్పు."

"ఎంగిలైతది."

తాత మోచేతి మీద లేచి కూర్చున్నాడు. "నీ పేరు ఎవల పేరే?"

"మీ అవ్వ పేరు."

"మా అవ్వ కొరికి పెట్టింది తిని పెరిగిన నేను. ఆమె ఎంగిలి నాకు ఎంగిలెట్లయితది? తాగు."

నేను ఒక గుక్క తాగాను. పెద్దవాళ్ల కంటే ముందు తినడం అదే మొదలు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"మంచిగుంటే నాకేం సమజైతది? ఎర్ర నూలు తెమ్మంటే ఏ ఎరుపు తెస్తవ్? కుంకుమ ఎరుపున్నది, ఎండు మిరపకాయ ఎరుపున్నది, దానిమ్మ గింజ ఎరుపున్నది. నీది ఏ మంచి?"

నేను ఇంకో గుక్క తాగి, కళ్లు మూసుకుని వెతికాను. "మొదాలు ఏం లేదు తాతా. మింగినంక నాలిక కొసకు తియ్యగ వచ్చింది. పాలుపోసుకున్న పచ్చి కంకి నమిలినట్టు."

"కాల్సిన కంకా, పచ్చిదా?"

"పచ్చిదే. చెయ్యికి నూగు అంటుతది చూడు, గదే."

తాత గిన్నె అందుకున్నాడు. కళ్లు మూసుకుని, గుక్కకూ గుక్కకూ మధ్య ఆగుతూ, గిన్నె అడుగు కనబడేదాకా తాగాడు. ఆయనకు నా మాటలో ఏం దొరికిందో నాకు ఇప్పటికీ తెలియదు. దొరికిందని మాత్రం తెలుసు, ఎందుకంటే సాయంత్రం తనే అడిగాడు, "ఏమొండినవ్, చెప్పు" అని.

ఇక ప్రతి పూటా అదే మా పని. ముందు నేను తినాలి, చెప్పాలి, తర్వాత ఆయన మింగాలి. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెబితే ఒప్పుకునేవాడు కాదు. "నిన్న గూడ గిదే చెప్పినవ్. గుడ్డను తిరగేసి సూపెడ్తున్నవా?" అనేవాడు. బీబమ్మ ఒక రోజు ఎముకలు ఉడికించిన షేర్వా తెచ్చింది. "మిరపకాయ లేదు, మిరియం లేదు, జర అల్లం వేసిన బేటీ" అంది. ఊళ్లో అయితే ముసల్మానుల ఇంట్లో వండిన ఆ గిన్నె మా గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఆ గదిలో అది తాత ప్రాణానికి పనికొచ్చే తిండి, అంతే. నేను తాగి చెప్పాను, "సలికాలం పొద్దుగాల ఎవలో ఎనకనుంచి గొంగడి కప్పినట్టున్నది." బీబమ్మ నవ్వు ఆపుకోలేక గడప మీద కూర్చుంది. "నా షేర్వాను గొంగడి జేసింది ఈ పోరి. ఇంగ రేపు నా బిర్యానీని పరుపంటది" అంది. తాత ఆ గొంగడి మొత్తం తాగేశాడు.

కరెంటు మధ్యలో ఆపకుండానే వైద్యం పూర్తయింది. డాక్టరు సాబు నన్ను చూసి, "ఏం పెట్టావమ్మా" అని అడిగాడు. "జొన్న గటకే సాబూ" అన్నాను. బస్సు దిగి ఊళ్లోకి నడుస్తుంటే తాత నా భుజం పట్టుకోకుండానే నడిచాడు. ఆ వానాకాలమంతా కాసేపు కాసేపు మగ్గం మీద కూర్చున్నాడు. రుచి పూర్తిగా తిరిగి రాలేదు. అమ్మ కళ్లముందే నేను ఆయన పళ్లెంలోంచి ముందు తింటుంటే ఆమెకు మింగుడుపడేది కాదు. "పెద్దల పల్లెంల చెయ్యి పెడ్తవానే" అని గదమాయించబోతే తాత అడ్డం పడేవాడు. "నడుమ నీకెందుకు. కొడుకుకు తల్లి పెట్టుకుంటున్నది."

చలికాలంలో మెడ కింద గడ్డ లేచింది. మళ్లీ పట్నం పోయారు. ఈసారి డాక్టరు సాబు మందు రాయలేదు, ఇంటికి తీసుకుపోయి చూసుకోండన్నాడు. గొంతు రోజురోజుకూ మూసుకుపోయింది. గటక ఆగిపోయింది, తర్వాత పాలు ఆగిపోయాయి. చివరికి తడిగుడ్డతో పెదవులు తడపడమే మిగిలింది. ఇక నేను చెప్పడానికి పళ్లెం లేదు.

ఒక పొద్దున నన్ను సైగ చేసి పిలిచాడు. గొంతు గాలిలా వచ్చేది. చెవి నోటి దగ్గర పెడితేనే వినబడేది.

"జొన్నరొట్టె చెయ్యి. పుంటికూర తొక్కు నూరు."

అమ్మ బిత్తరపోయింది. "నువ్వెట్ల తింటవ్ మామా?"

"నేనేడ తింట. అవ్వ తింటది."

బాపు అక్కడ నిలబడలేక మగ్గం గదిలోకి పోయాడు. నేను రొట్టె కొట్టాను, పెంక మీద కాల్చాను, పుంటికూర, అదే మీరనే గోంగూర, వేయించి ఎల్లిపాయ వేసి రోట్లో నూరాను. పళ్లెం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆకలితో ఎండిపోతున్న మనిషి ముందు ముద్ద ఎట్లా ఎత్తను? తాత కళ్లతోనే తినమన్నాడు. తిన్నాను.

నా నాలుక మీద ఏమీ లేదు. పులుపు లేదు, కారం లేదు. మన్ను. పట్నంలో ఆయన గిన్నె పక్కకు జరిపిన పూట ఏం తిన్నాడో ఆ క్షణాన నాకు తెలిసింది. తాత నా నోటి వైపే చూస్తున్నాడు. ఊరికే ఉండిపోతే ఆయన ఆకలి అట్లాగే ఉంటుంది.

"రొట్టె అంచు కరకరమంటున్నది తాతా, నడుమ మెత్తగున్నది" అని మొదలుపెట్టాను. "పుంటికూర పులుపు దవడల కాడ పట్టుకున్నది. నోట్లె నీళ్లూరుతున్నయి. ఎల్లిపాయ దాని ఎనకొస్తున్నది. కారం చెవులదాకా పోతాంది. ఉప్పురాయి ఒకటి సరిగ నూరలే, పండ్ల కింద పటుక్కుమన్నది."

తాత దవడలు కదులుతున్నాయి. మెల్లగా, నాతో పాటు. ఉప్పురాయి దగ్గర పెదవి కొస నవ్వింది. "నూరనీకె నీకు ఒళ్లొంగదు" అన్నాడు.

ఆ రాయి నేను అల్లింది. తొక్కు మెత్తగానే నూరాను. ఆయన తిట్టాడు చూడండి, ఆ తిట్టుతో నాకు తెలిసింది, ముద్ద ఆయన నోట్లోకి చేరిందని. రొట్టె అంతా అట్లాగే తినిపించాడు. ఒక్కో తునకకూ ఒక్కో మాట చెప్పాను. అయిపోయాక, "సాలవ్వా, ఇగ చెయ్యి కడుక్కో" అని కళ్లు మూసుకున్నాడు. రెండు మూడు రోజుల్లోనే పోయాడు.

నాకు చదువు అబ్బలేదు. మీరు నా మాట కోసం వచ్చి కూర్చుంటున్నారంటే, ఆ మాట ఒక చాప పక్కన, ఒక గిన్నె ముందు నేర్చుకున్నది. అత్తగారింటికి వచ్చాక ఎంతమందికో వండాను, ఎంతోమంది మంచం పక్కన కూర్చున్నాను. మా అత్తకు, మా ఆయనకు, పక్కింటి పిల్లకు. జబ్బు మనిషిని పట్టుకుని తిను తిను అని నేను ఎప్పుడూ అనను. నా పళ్లెం నేను తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటాను. ఒక ముద్ద తిని, ఎట్లా ఉందో చెబుతాను. కొందరు తింటారు. కొందరికి తినే రోజులు దాటిపోయి ఉంటాయి. వాళ్లకు కూడా చెబుతాను.

మీ ఇంట్లో ప్రతి గిన్నెకూ ఆవిరి ఉండాలి. తిని బాగుందనేవాళ్లూ, బాగాలేదని తిట్టేవాళ్లూ ఇద్దరూ నిండుగా బతకాలి. మీ పిల్లల నాలుకలు చల్లగా ఉండాలి. ఎప్పుడైనా మీ గడపలో ఎవరైనా తినలేని రోజు వస్తే, వాళ్ల ఎదురుగా కూర్చునేవాళ్లు ఒకరు ఉండాలి.