నాలుగు బటన్ల విమానం

ఇప్పుడంటే ప్రతి పనికీ ఒక మీట ఉంది గానీ, ఆ రోజుల్లో మాకు దొరికినన్ని మీటలతోనే యుద్ధాలు గెలవాల్సి వచ్చేది. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరు దాటి, సముద్రం హోరు వినబడేంత దూరంలో మా ఇల్లు. డిగ్రీ చదువుకని కొనిపించుకున్న కంప్యూటర్ మేడమీది గదిలో ఉండేది. ఉప్పుగాలి కీబోర్డును తినేసి సగం అక్షరాలు పడేవి కావు (నా చదువు సాగకపోవడానికి అదే కారణమని ఇంట్లో చాలాకాలం నమ్మించాను). అందుకే నెల్లూరులో ఒక పాత సామాన్ల కొట్టు నుంచి జాయ్‌స్టిక్ తెచ్చాను. దానికి నాలుగే బటన్లు. మేము ఆడే యుద్ధవిమానం ఆటకేమో తుపాకీ దగ్గర్నుంచి పారాచూట్ దాకా ఒక్కోదానికి ఒక్కో బటన్ కావాలి. ఏ నాలుగు పనులు ఉంచుకోవాలి, ఏవి దేవుడికి వదిలేయాలి అన్నదే మా అసలు యుద్ధం.

నా జతగాణ్ణి అందరూ చుక్కాని అనేవారు. చేపల పడవ వాళ్ల పిల్లాడు, ఊరికే నిలబడి మాట్లాడుతున్నా ఒక చెయ్యి వెనక్కి పెట్టి పడవ తిప్పుతున్నట్టే ఉండేవాడు. ఎండాకాలం సర్కారు పెట్టే చేపల వేట నిషేధంలో పడవలు ఇసకమీద, వాడు మా మేడమీద. తుపాకీకి ఒక బటన్, మిసైల్‌కి ఒకటి, చక్రాలు దించడానికి ఒకటి ఇచ్చాం. నాలుగోది వెనక్కి తిరిగి చూడటానికి పెడదామన్నాను.

"వద్దు. పడవ దోసినాక ఎనక్కి చూడగూడదు. మా నాయన చూడడు, మా తాత చూడలా," అన్నాడు.

"ఇది పడవ కాదురా, విమానం."

"అయితే మాత్రం? నీళ్ల మీదనే గదా పొయ్యేది."

నిజమే, ఆ ఆటలో యుద్ధాలన్నీ సముద్రం మీదే. ఒప్పుకున్నాను. నాలుగోదానికి హారన్ పెట్టమన్నాడు. యుద్ధవిమానానికి హారన్ ఉండదని వాడికి నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. చివరికి ఆ బటన్ బ్రేకులకి పోయింది.

ఆ గొంతు వినబడటం మొదలైంది తర్వాతే. స్పీకర్లో, మా వీపు వెనక నుంచి అన్నట్టుగా, ఎవరో మగమనిషి తగ్గు స్థాయిలో ఏదో అనేవాడు. ఆటలో మిగతా మాటలన్నీ ఇంగ్లీషు. ఇది ఇంగ్లీషు కాదు, తెలుగు కాదు, అరవం అసలే కాదు. అతను అలా అన్న కాసేపటికే మా విమానం పేలిపోయేది. ఒక్కసారీ తప్పలేదు. పడవ ఇంజన్లన్నీ ఆగి ఊరు సద్దుమణిగిన ఆ రోజుల్లో, పట్టపగలే ఆ గొంతు వింటే నాకు ఒళ్లు జలదరించేది. దూరాన పోయే ఓడల వైర్‌లెస్ మాటలు మన స్పీకర్లో పడుతున్నాయేమో అని పైకి ధైర్యంగా అన్నాను. స్పీకర్ పీకేసి చూశాం. చెప్పకుండా చచ్చిపోవడం ఇంకా భయంగా ఉండి మళ్లీ పెట్టాం. మా అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి జాయ్‌స్టిక్ మెడకి కట్టింది. దానివల్ల ఎడమకి తిప్పడం కష్టమైంది తప్ప గొంతు ఆగలేదు.

నిషేధం ఎత్తేసే రోజు దగ్గరపడింది. ఈసారి పడవ నడిపేది నువ్వేనని చుక్కానికి వాళ్ల నాయన చెప్పాడు. చిన్నప్పట్నుంచీ దానికోసమే కాచుకున్నవాడు, రానంటే రానన్నాడు. కారణం నాకొక్కడికే చెప్పాడు.

"ఆ గొంతు నాకు పడవల కాడ గూడా ఇనబడిందిరా. నేను నడిపితే ఎవురూ తిరిగి రారు."

నవ్వబోయాను గానీ వాడి మొహం చూసి నవ్వు రాలేదు. బయలుదేరేది రేపనగా వాళ్ల నాయన మా అరుగుమీద కూర్చుని, "సదువుకున్నోడివి, వాడికేమయిందో కనుక్కో అబ్బయా. రేపు భయపడి ఆగిపోతే, మళ్లా ఏ పడవోళ్లూ వాణ్ణి ఎక్కనియ్యరు," అన్నాడు. సదువుకున్నోడివి అన్నందుకు నాకు సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే వాణ్ణి బతిమాలి మేడమీదికి తెచ్చాను. గాల్లోనే మొదలయ్యే యుద్ధం ఒకటి ఎంచుకుని, గాల్లో చక్రాలతో పనేముందని ఆ బటన్ తీసి వెనకచూపుకి ఇచ్చాను. వాడు స్టిక్ పట్టుకున్నాడు. కింద బూడిదరంగు సముద్రం. కాసేపటికి ఆ గొంతు వచ్చింది. నేను కళ్లు సగం మూసుకుని బటన్ నొక్కాను.

తెర గిర్రున వెనక్కి తిరిగింది. మా వెనక సీట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మొహం లేదు, నల్లటి అద్దం ఉంది. అది మెల్లగా మావైపు తిరిగింది. (ఆ క్షణంలో చుక్కాని నా ఒళ్లో ఉన్నాడు. వాడు మాత్రం నేనే వాడి ఒళ్లో ఉన్నానంటాడు.) మళ్లీ అదే గొంతు, ఆ అద్దం వెనక నుంచే. అప్పుడు కనబడింది, అతని భుజం మీదుగా, మమ్మల్ని తరుముకొస్తున్న శత్రువు విమానం.

అది ఇద్దరు కూర్చునే విమానమట, ఆ నల్లటి అద్దం వెనక సీటువాడి హెల్మెట్‌దట. ఎక్కడో కాపీ కొట్టిన డిస్కులో అతని మాటలు మాత్రం వేరే భాషలో ఉండిపోయాయి. ఇన్నాళ్లూ వెనక ఎవడో వస్తున్నాడని మాకు చెబుతూ, మాతోపాటే ప్రతిసారీ చచ్చిపోయాడు.

"పాపంరా. మనల్ని కాపాడాలని ఎన్ని మాట్లు అరిచినాడో," అన్నాడు చుక్కాని. స్టిక్ లాగి విమానాన్ని పక్కకి తిప్పేశాడు. శత్రువు తూటాలు పక్కనుంచి పోయాయి. మొదటిసారి బతికాం. బతికాక ఏం చేయాలో మాకు తెలియదు, ఎందుకంటే దిగడానికి చక్రాల బటన్ లేదు. ఇంతకుముందైతే నవ్వుకుంటూ సముద్రంలో కూల్చేసేవాళ్లం. ఇప్పుడు విమానంలో ఒక మనిషి ఉన్నాడు.

"పడవకి చక్రాలుండాయా? ఇసకకి ఎక్కిచ్చేద్దాం," అన్నాడు వాడు. వేగం తగ్గించి, ఒడ్డుకి అలమీద వచ్చే పడవని తెచ్చినట్టే తెచ్చి, పొట్టతో ఇసకమీద జార్చి ఆపాడు. రెక్క ఒకటి విరిగింది. అప్పుడు వెనక నుంచి అతను, ఎప్పుడూ అనని రెండు మాటలు, నెమ్మదిగా అన్నాడు.

"శభాష్ అంటా ఉండాడు," అన్నాడు చుక్కాని. మర్నాడు తెల్లారి పడవ నడిపాడు. సాయంత్రానికి అందరూ తిరిగొచ్చారు.

ఇప్పుడు ఏ భాషనైనా ఫోన్ ముందు పెడితే తెలుగులో చెప్పేస్తుంది. ఆ డిస్కు నా బీరువాలో ఉంది. ఒకటి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. రెక్క విరగ్గొట్టినందుకు తిట్టాడని తేలితే? సొంత పడవ కొనుక్కున్న చుక్కానికి ఇప్పుడు పోయేదేమీ లేదు. కానీ ఆ మాటని నమ్మి ఒకడు సముద్రం మీదికి వెళ్లాడు, వాడి జతగాడొకడు పడవ తిరిగొచ్చేదాకా ఒడ్డున నిలబడి దాన్నే పైకి అనుకుంటూ ఉన్నాడు. ఒడ్డున ఉన్న ఆనాటి నా వెర్రిమొహం గుర్తొచ్చి, ప్రతిసారీ డిస్కు లోపలే పెట్టేస్తాను.