అనుమానం వల్ల లాభం ఎవరికి?

నిన్న వానలో ఒక మంద మా వీధి గుండా పోయింది. తడిసిన గొర్రెబొచ్చు వాసన వరండాలోకి రాగానే శేషయ్యగారు గుర్తుకొచ్చారు. చెన్నపట్నం సర్కారు రోజుల్లో గిద్దలూరు వైపు ఒక కచేరీలో ఆయన హెడ్ గుమాస్తా. నేను కొత్తగా చేరిన గుమాస్తాను. కచేరీ అధికారి అయిన తెల్లదొర ఇంగ్లీషులో రాసిన ఉత్తర్వులను తెలుగు చేయడం నా పని. ఇంగ్లీషు నాకు బాగా వచ్చని గట్టి నమ్మకం.

రాచర్ల కాపరి ఓబన్న సర్కారు అడవిలో గొర్రెలు మేపాడని గార్డు మందను పట్టుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టించాడు. అడవిలో అడుగే పెట్టలేదన్నాడు ఓబన్న. గార్డు తప్ప చూసినవాళ్ళెవరూ లేరు. విచారణ ముగించి దొర కాగితం చివర 'బెనిఫిట్ ఆఫ్ డౌట్' అని మాత్రం రాశాడు. బెనిఫిట్ అంటే లాభం, డౌట్ అంటే అనుమానం. ఇంకేం, "అనుమానం ఉన్నందున మంద సర్కారు పరం" అని తెలుగు చేసి, వరండాలో నిలబడి చదివేశాను.

ఓబన్న తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. "ఇంగ నేనేం జేసి బతకాల సామీ?" అన్నాడు.

ఆ మాట విని శేషయ్యగారు బయటికి వచ్చి నా చేతిలో కాగితం తీసుకున్నారు. "ఏంది నాయనా ఇది? లాభం సర్కారుకని ఎవురు చెప్పినారు నీకు?"

"మాటకు మాట అర్థం అదే కదండీ."

"మాటకు మాట పెడితే సరిపోతాదా? తప్పు చేసినాడో లేదో తేలకపోతే, చేయలేదనే అనుకోవాల. అనుమానం మనది, లాభం ఓబన్నది."

ఆయనే ఓబన్నను లేవదీసి, దొడ్డిదాకా నడిచి మందను విడిపించారు.

మర్నాడు నేను కావాలనే ఉత్తర్వు మార్చానని ఎవరో దొర చెవిన వేశారు. దొరకు తెలుగు వచ్చు. ఎందుకు చేశావని నన్ను నిలదీశాడు. శేషయ్యగారు ముందుకొచ్చి, "కావాలని చేసినాడని రుజువు లేదు దొరా. నిన్న ఓబన్నకు ఇచ్చినట్టే ఈ అబ్బాయికీ ఇయ్యండి" అన్నారు. దొర నన్ను పొమ్మని చెయ్యి ఊపాడు. ఉద్యోగం నిలిచింది.

బయట శేషయ్యగారికి దణ్ణం పెట్టబోతే ఆయన ఒప్పుకోలేదు. "నాకెందుకు? రాచర్లకు పోయి, తప్పు నాదని ఆ మనిషికి చెప్పిరా."

పోయాను. ఓబన్న అంతా విని, "ఎండన పడి వచ్చినావు, ముందు తాగు" అని మజ్జిగ ముంత చేతికిచ్చాడు.

తర్వాత నేనూ హెడ్ గుమాస్తానయ్యాను. ఎవరిమీద ఫిర్యాదు వచ్చినా ముందు వాళ్ళను కూర్చోబెట్టి చెప్పేదంతా వినేవాణ్ణి. రెండు మూడుసార్లు మోసపోయాను కూడా. కానీ తప్పు తేలకుండా ఇంకొకరి నోటి దగ్గర కూడు తీశానన్న బాధ మాత్రం నాకు లేదు. అది శేషయ్యగారు పెట్టిన భిక్ష.