గ్రీజు రాసి అతికించిన బోల్టు

నవంబరు 21, శుక్రవారం. అంట్లు రెండుసార్లు, బట్టలు ఒక బకెట్టు, చోళ్లు చెరగడం, సంతకు వెళ్లిరావడం... ఇవాళ్టి పనులన్నీ అయ్యాయి. నాకు పదకొండేళ్లప్పుడు ఆగిపోయిన పని ఒకటి కూడా వీటితోపాటు అయింది. అదే రాస్తున్నాను.

అప్పట్లో అనంతగిరి పైన మా ఊళ్లో కాఫీ పళ్ల తొక్క తీసే మిషన్ మా నాన్న దగ్గరే ఉండేది. దాన్ని తిప్పడానికి చిన్న డీజిల్ ఇంజన్... ఊరంతా కోసిన పళ్లు మా షెడ్డుకే వచ్చేవి. కోసిన రోజే తొక్క తీయాలి. ఆలస్యమైతే పులిసిపోతాయి.

ఇంజన్ అదురుకు బోల్టులు వదులవుతాయి కదా... పని అయ్యాక వాటిని బిగించడం నా వంతు. "సెయ్యి ఆగిన కాడ ఆపీయాల" అని నాన్న నేర్పాడు. నేను మాత్రం ఎందుకైనా మంచిదని ఇంకో పావు చుట్టు తిప్పేదాన్ని. గిన్నె తోమినా రెండుసార్లు తోమే రకం నేను.

ఒకరోజు నాన్న పనిమీద కొండ దిగి వెళ్తే, సుక్రు మావ ఇంజన్ నడిపాడు. మావ మా పక్కింటాయన. అడవిలో తేనెపట్లు తీసేవాడు. ఇంజన్ అంటే మాత్రం ప్రాణం... నాన్న ఎప్పుడు హ్యాండిల్ ఇస్తాడా అని షెడ్డు గుమ్మంలోనే కూర్చునేవాడు.

ఆయన ఇంజన్ ఆపి వెళ్లాక నేను స్పానర్ తీశాను. ఇంజన్ పైమూతను, అదే హెడ్డును, పట్టి ఉంచే బోల్టుకు నా పావు చుట్టు వేశాను... టక్! తలతో సహా సగం బోల్టు చేతికొచ్చింది. మిగతా సగం లోపలే ఉండిపోయింది.

అప్పుడు నేను చేసిన పని... ఆ ముక్కకు గ్రీజు రాసి, మళ్లీ దాని బొక్కలోనే పెట్టి, చుట్టూ శుభ్రంగా సర్ది, వెళ్లి అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున్నే నాన్న తిరిగొచ్చాడు. మధ్యాహ్నం నుంచి వాన. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి బస్సులు ఆగిపోయాయి. కింద నుంచి మెకానిక్ వచ్చే దారి లేదు. షెడ్డులో పన్నెండు బుట్టల పళ్లు. నాన్న హ్యాండిల్ తిప్పితే ఇంజన్ బుస్సుమంటోంది తప్ప అందుకోవడం లేదు. వెతికి వెతికి ఆ బోల్టు మీద చెయ్యి వేశాడు. ఊడి చేతికొచ్చింది.

"నిన్న తిప్పింది నువ్వే కదరా సుక్రూ! ఏటి సేసేవు దీన్ని?"

"నేనేటీ సెయ్నేదు బావా. బాగానే ఆపేను."

"మరి దానంతటదే ఇరిగిపోనాదా?"

పళ్లు తెచ్చి, తన బుట్ట మీదే కూర్చున్న గంగత్త అందుకుంది. "పళ్లు పులిసిపోతే కల్లు అనుకోని నువ్వే తాగాల్రా సుక్రూ!" అందరూ నవ్వారు. మావ నవ్వలేదు.

షెడ్డులో మసక. టార్చి పట్టుకుని నిలబడింది నేనే... కదలడానికి లేదు. బయట వాన, గుమ్మం నిండా జనం. వెలుగు మావ మొహం మీద పడకుండా టార్చి కిందకు దించాను.

నాన్న హెడ్డు విప్పాడు. విరిగిన ముక్క గోరంత పైకి ఉంది. పట్టుకారు జారిపోతోంది. ఉలి పెట్టి కొడితే అంచు చితికింది. ఇంకో దెబ్బ తప్పితే ఇంజన్ ఒళ్లే పగిలేలా ఉంది.

"ఆగు బావా," అని మావ వానలోనే ఇంటికెళ్లి తేనె మైనం ముద్ద తెచ్చాడు.

"మైనమేటిరా? దీపం ఎలిగిత్తావేటి?"

మావ ఇనుప చువ్వను పొయ్యిలో ఎర్రగా కాల్చి, విరిగిన ముక్క మీద అదిమి పట్టాడు. అది వేడెక్కాక మైనం తాకించాడు. కరిగి బోల్టు మరల్లోకి దిగిపోయింది. చల్లారనిచ్చి మళ్లీ కాల్చాడు... అలా మూడుసార్లు. తర్వాత ఉలి మొనను అంచున ఆనించి, ఎడమ వైపుకు మెల్లగా తట్టాడు. నువ్వు గింజంత కదిలింది. ఇంకాస్త... చివరికి వేళ్లతోనే తిప్పి తీసేశాడు. షెడ్డంతా తేనె వాసన.

కొత్త బోల్టు పడింది. ఇంజన్ అందుకుంది. ఒక్క బుట్ట కూడా పాడవలేదు.

"పనోడివేరా," అన్నాడు నాన్న. "అయినా నా ఇంజన్ మీద ఇంక సెయ్యెయ్యకు."

"సరే బావా."

అప్పుడైనా చెప్పాల్సింది... టార్చి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఆపియ్యే గుంటా, బేటరీ అయిపోతాది" అని నాన్న కసిరేదాకా.

మావ మళ్లీ ఆ హ్యాండిల్ ముట్టుకోలేదు. గుమ్మంలో కూర్చోవడానికి కూడా రాలేదు.

ఇవాళ సంతలో కనిపించాడు, తేనె సీసాలు ముందు పెట్టుకుని. నాన్నకు చెప్పే వీలు ఇక లేదు... ఈయనకైనా చెప్పాలని పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను.

మావ నవ్వాడు. "నాకావేళే తెలుసే గుంటా. ఆ గ్రీజు సుట్టూరా ముగ్గేసినట్టుంది. మీ అయ్య ఎప్పుడైనా అంత సుబ్బరంగా రాసేడేటి?"

"మరి చెప్పలేదేం మావా?"

"సెప్తే నీకు దెబ్బలు. నాకైతే మాటలే కదా." సీసా మూత బిగించాడు. "ఇంజన్ మట్టుకు... ఇంకొన్నాళ్లు తిప్పాలనుండేది."



ఆ ఇంజన్ ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. ఇప్పుడు అందరి ఇళ్లలో కరెంటు మోటార్లే. బోల్టు విరిగితే దానికోసం ఒక పూటంతా కూర్చునేవాళ్లు లేరు... మీ నోట్లోనూ ఇలా విరిగి ఉండిపోయిన మాట ఏదైనా ఉంటే, ఆ మనిషి సంతకు వస్తుండగానే చెప్పేయండి. ఇక్కడ రాసినా చదువుతాను.

సుక్రు మావకు చెప్పాల్సిన మాట... ముప్పై నాలుగేళ్లకు చెల్లు. హ్యాండిల్ మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను.