మామగారి దొడ్డి

సున్నివాకి పెళ్లయి ముప్పై ఒక్క ఏళ్లు. ముప్పై ఒక్క ఈస్టర్లూ అత్తవారి కొండ కుటీరంలోనే గడిచాయి. కారు ఆగిన చోటి నుంచి మంచు మీద స్కీలతో జారుకుంటూ మూడు గంటలు. కరెంటు లేదు. నీళ్లు కావాలంటే మంచు కరిగించుకోవాలి. మరుగుదొడ్డి ఇంటికి నలభై అడుగుల అవతల. ఈ అవస్థే అక్కడి వైభవమని అత్తవారందరి నమ్మకం.

కిందటి శరత్కాలంలో ఆమెకి తుంటి ఆపరేషన్ అయింది. ఈసారి ఆమెని మంచుబండి మీద కూర్చోబెట్టి లాక్కొచ్చారు. ఇప్పుడామెకి ఒకటే కోరిక: ఇంట్లో దొడ్డి. కుటీరం ముగ్గురు తోబుట్టువులది. ఏం మార్చాలన్నా ఎవరొచ్చారో, వాతావరణం ఎలా ఉందో రాసే అక్కడి రోజువారీ పుస్తకంలో మూడు సంతకాలు పడాలని మామగారు పోతూ పోతూ రాసి పెట్టారు. మొగుడు హాల్వర్, మరిది ఇద్దరూ చేసేశారు. మిగిలింది ఆడపడుచు రాగ్నా.

"నాన్న ఎనభై నాలుగేళ్లదాకా ఆ దొడ్డికే నడిచాడు," అంది రాగ్నా.

"ఆయన తుంటి ఆయన సొంతం వదినా. నాది ఆస్పత్రి వాళ్లిచ్చింది."

"నడిస్తే కుదురుకుంటుంది."

సున్నివా మొగుడి వైపు చూసింది. హాల్వర్ డిటెక్టివ్ నవల్లో తల దూర్చాడు. ఏటా సరిగ్గా ఇలాంటప్పుడే ఆయనకి హంతకుడు దొరకబోతుంటాడు.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మగవాళ్లు స్కీలేసుకుని వెళ్లిపోయారు. రాగ్నా పేపరు పట్టుకుని దొడ్డికెళ్లింది. ఎండ చురుక్కుమంటోంది. కాసేపటికి బయట ధబ్బుమని చప్పుడైంది. సున్నివా పట్టించుకోలేదు. ముప్పావుగంట తర్వాత ఆమెకీ అవసరమై కర్ర ఊతంగా వెళ్లింది. చూస్తే దొడ్డి కప్పు మీది మంచు మొత్తం జారి తలుపుకి అడ్డంగా ఛాతీ ఎత్తున పేరుకుంది. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. మంచు పడేచోట ఎవరూ అలా పెట్టరు. మామగారు పెట్టారు కనక ఎవరూ మార్చలేదు.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నాను. పేపరు చదువుతున్నా."

"ఇంతసేపా?"

"వివరంగా చదువుతున్నా."

"తలుపు రావట్లేదా?"

"కాస్త బిగిసినట్టుంది. తొందరేం లేదు."

"నాకుంది వదినా."

సంతకం పెడతానంటేనే తవ్వుతానన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి పార తీసుకుంది. పారెడు మంచుకో సణుగుడు చొప్పున ఇరవై నిమిషాలు తవ్వింది. రాగ్నా పెదాలు నీలంగా, నడుం నిటారుగా బయటికొచ్చింది.

"మగవాళ్లకి చెప్పకు."

"ముందు తప్పుకో," అంటూ సున్నివా లోపలికి దూరింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి రాగ్నా ఒళ్లో రోజువారీ పుస్తకం తెరిచి ఉంది. 'మా తమ్ముడి భార్యకి ఒంట్లో బాగోనందువల్ల, నాకిష్టం లేకపోయినా, ఇంట్లో దొడ్డికి సమ్మతిస్తున్నాను. వాతావరణం ప్రశాంతం.' కింద సంతకం.

సున్నివా రెండుసార్లు చదివింది. 'ఒంట్లో బాగోనందువల్ల' అన్నచోట వేలు పెట్టి నిలదీయబోయింది. రాగ్నా పాదాలు రెండూ పొయ్యికి ఆనించినా ఇంకా వణుకుతోంది.

"తేదీ కూడా వేసెయ్ వదినా," అని సున్నివా కాఫీ పెట్టడానికి వెళ్లింది.