గిరిజమ్మ గంజికుండ

మగ్గానికెక్కే పడుగు దారాలకు గంజి పెట్టే రోజు గిరిజమ్మ ఎవరినీ మనిషిగా చూడదు. ఎమ్మిగనూరులో మా వీధి పొడవునా దారాలు చాచి, తెల్లవారేసరికి దారి మూసేస్తుంది. సైకిలు బెల్లు కొట్టినవాణ్ణి తిడుతుంది. తిడుతూనే కుంచెను గంజిలో ముంచి దారాల మీద లాగుతుంది. గంజి తక్కువైతే మగ్గం మీద పోగులు తెగుతాయి, ఎక్కువైతే కర్రలా బిగుస్తాయి. ఆ లెక్క ఆమె వేళ్లకు తెలుసు. ఆమె నేయదు. నేతగాళ్లకు పని ఇచ్చే మాస్టర్ వీవర్ సోమప్ప పంపే పడుగులకు గంజి పెట్టడమే ముప్పై ఏళ్లుగా ఆమె బతుకు.

ఆమెకొక పట్టింపు ఉంది. చివరి పోగు ఆరేదాకా గంజికుండను బయటివాళ్లు ముట్టుకోకూడదు. అత్త నేర్పిన మాట. అత్తను జీవితమంతా తిట్టిపోసినా ఈ మాట మాత్రం దాటలేదు.

పోయిన ఆగస్టులో అలాంటి ఒక ఉదయం ఆదోని కాలేజీలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదివే సంతోషి వచ్చింది. మూతికి మాస్కు, చేతులకు గ్లవ్స్. మంచినీళ్లు ఇస్తే వద్దంది.

"గంజి శాంపిల్ కావాలండీ. ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో చూస్తాం."

"నా ఇంట్లో ఏం రోగముందని మూతి కట్టుకొని వచ్చినావు?"

"రూలండీ, తీయకూడదు."

గిరిజమ్మ కుంచె ఆపలేదు. గడప పక్కనున్న కుండను గడ్డంతో చూపించింది. "ఆడుంది, ముంచుకో పో."

అది గేదెకు పెట్టే కుడితి. బియ్యం కడిగిన నీళ్లు, తవుడు, రెండు రోజుల అన్నం కలిసి తెల్లగా పులిసి ఉంది. సంతోషి దాన్ని సీసాలో పట్టుకుంది. కుండ పక్కన గిరిజమ్మను నిలబెట్టి ఫొటో తీసింది. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయింది.

"ఆయమ్మ ఎనుము కుడితిని అద్దాల్లో పెట్టుకొని సూస్తాంటాది," అని ఆ సాయంత్రం గిరిజమ్మ వీధంతా చెప్పి నవ్వింది.

డిసెంబరులో ఆ నవ్వు పోయింది. విద్యార్థులకూ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకూ కలిపి నెలాఖరుకు ఆదోనిలో ప్రాంతీయ మైక్రోబయాలజీ సదస్సు పెట్టారు. అక్కడ ప్రదర్శించే పోస్టర్లు ముందే ఫోన్లలో తిరిగాయి. సోమప్ప ఫోన్ పట్టుకుని వచ్చాడు. 'ఎమ్మిగనూరు చేనేత గంజిలో ప్రమాదకర బ్యాక్టీరియా' అని పైన, కింద గిరిజమ్మ ఫొటో.

"ఇది నువ్వే కదా?"

"నేనే. అది ఎనుము కుడితి అప్పా, గంజి కాదు."

"నువ్వు సెప్తే ఎవరు ఇంటారు? బెంగళూరు షాపోళ్లు నాకే పంపినారు దీన్ని. గంజి కాదని ఆ కాలేజోళ్ల సేతనే రాపిచ్చకరా. అంతదాకా నా పడుగు నీ సేతికి రాదు."

ఆ ఉదయం పంపిన పడుగును చుట్ట విప్పకుండానే భుజాన వేసుకుని పోయాడు. మూడు వారాలు వీధి తెరిచే ఉంది. సైకిళ్లు తిరిగాయి. గిరిజమ్మ గడపలో కూర్చుని వాటినే చూసింది.

సదస్సు రోజున పక్కింట్లో ఉండే నన్ను వెంటబెట్టుకుంది. "సదువుకున్నదానివి. నోరు తెరవకున్నా పక్కన నిలబడు." నేను అదే చేశాను.

గేటు దగ్గర పేర్లు రాసుకునే కుర్రాడు అడిగాడు. "స్టూడెంటా అమ్మా, ప్రొఫెషనలా?"

"ముప్పై ఏండ్లు గంజి కాసినా. ఏది రాసుకుంటావో రాసుకో," అని లోపలికి నడిచింది.

పోస్టర్ ముందు సంతోషి పట్టుచీరలో నిలబడి ఉంది. పక్కన ఆమె గైడు యువరాజ్ సార్. ఎదురుగా, పోస్టర్ల పోటీకి మార్కులు వేయడానికి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన మేడమ్.

"ఏం పాపా, నా మొగం గోడకు అంటిచ్చినావు? అది గంజి కాదు, నా ఎనుము కుడితి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సంతోషి ముఖం పాలిపోయింది. "చూపించింది మీరే కదా!"

"నేనే. నా ఇంట్లో గుక్కెడు నీళ్లు ముట్టకపోతివి. నీకు నా గంజి ఎందుకియ్యల్ల?"

"అబద్ధం చెప్పింది నువ్వు, సంతకం పెట్టింది నువ్వు," అన్నాడు యువరాజ్ సార్. "ఇప్పుడొచ్చి మా సదస్సు పాడు చేస్తావా?"

"అబద్దమే సెప్పినా. ఇంతమందిలో ఒప్పుకుంటాండా కదా. నా పని పోయింది సారూ. గంజి కాదని ఒక ముక్క రాసియ్యి."

"రాయను. బయటికి నడువు."

మేడమ్ ఆయన వైపు చూడనే లేదు. "గంజి కాచేటప్పుడు చూశావా?" అని సంతోషిని అడిగింది.

"లేదు మేడమ్."

"ఆ కుండలో కుంచె ముంచడం చూశావా?"

"...లేదు."

"ఎన్ని ఇళ్లలో తీశావు?"

సంతోషి తల దించుకుంది. "ఈ ఒక్క ఇంట్లోనే."

"పేరు మాత్రం ఊరందరిదీ పెట్టావు." మేడమ్ మార్కుల కాగితం మీద రాసింది: 'నమూనా గంజి అని నిర్ధారణ లేదు. పోటీ నుంచి తొలగించడమైనది.' కింద సంతకం, తేదీ.

గిరిజమ్మ చెయ్యి చాపింది.

"ఇది నీ కోసం రాయలేదమ్మా. నువ్వు చేసిందీ మంచి పని కాదు," అంటూనే మేడమ్ కాగితాన్ని నా ఫోన్‌కు ఎదురుగా పట్టుకుంది. నేను ఫొటో తీశాను.

సంతోషి పోస్టర్‌ను గోడ నుంచి పీకింది. కాలేజీ భాష పోయింది. "నాలుగు నెలలు! నీ ఎనుము కుడితి సూస్తా కూర్చున్నా నేను!"

"దినామూ తాగే ఎనుముకు ఏమీ కాలేదు పాపా," అంది గిరిజమ్మ. తిరుగు బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సోమప్ప ఆ ఫొటోను రెండుసార్లు చదివి, బెంగళూరుకు పంపాడు. సోమవారం పడుగు వచ్చింది. "ఇంగొక తూరి ఇట్లా అయితే నా గడప తొక్కద్దు," అన్న మాట కూడా దాంతోపాటే వచ్చింది.

ఆ రోజే సంతోషి కూడా వచ్చింది. అసలు గంజి తెమ్మని ఆ మేడమే చెప్పిందట. ఈసారి మాస్కు లేదు, కళ్లలో మాత్రం కోపం అలాగే ఉంది. గిరిజమ్మ పలకరించలేదు. చివరి పోగు ఆరేదాకా మూడు గంటలు ఎండలోనే నిలబెట్టింది. తర్వాత నీళ్ల చెంబు తెచ్చి ఎదురుగా పెట్టింది. సంతోషి చెంబును చూసింది, ఆమెను చూసింది, ఎత్తి గటగటా తాగింది.

అప్పుడు గిరిజమ్మ గంజికుండను బయటికి తెచ్చి, సీసాలోకి తనే ముంచి పోసింది. ఇందులో ఏమన్నా దొరికితే ఇక సోమప్ప ఏ కాగితాన్నీ చదవడు. అది ఆమెకు తెలుసు.

"ఇది గంజే. నమ్మితే కొండపో, లేకుంటే పారబొయ్."

సంతోషి వంగి సీసాను వాసన చూసింది. గడప దగ్గరికి నడిచి కుడితి కుండనూ వాసన చూసింది. మూత బిగించి, చెప్పకుండానే వెళ్లిపోయింది.

ఫలితం ఇంకా రాలేదు.