ఊపిరి పీల్చే శవాలు

మా చిన్నప్పుడు ఏలూరులో మా వీధి మలుపు దగ్గర ఒక ముస్లిం కుటుంబం వీడియో షాపు నడిపేది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కా నేనూ వెళ్ళి ఒక సీడీ అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి ఏ సినిమా తేవాలో తనే తేల్చేది. ఎన్నిసార్లు వెళ్ళినా ఒకటే రకం తెచ్చేది. ఎక్కడో ఏ భాషలోనో తక్కువ ఖర్చుతో చుట్టేసి, తెలుగులో హడావిడిగా డబ్బింగ్ చెప్పించిన పిచ్చి సైంటిస్టు సినిమాలు. పాడుబడ్డ బంగళా ఉంటుంది. దాని కింద ఒక గది, గదినిండా పొగలు కక్కే గాజు సీసాలు, బల్ల మీద తెల్లదుప్పటి కప్పిన శవం. ఉరుము ఉరమగానే సైంటిస్టు పెద్ద మీట ఒకటి కిందికి లాగుతాడు. శవం వేళ్ళు కదులుతాయి.

మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. అటుగా వెళ్తూ గుమ్మంలో ఆగి, "సీసాల్లో రంగునీళ్ళు పోస్తే సైన్సైపోతుందా?" అనేవారు. అమ్మ మాత్రం సినిమా అయ్యేదాకా వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

మాకు భయం వేసేది కాదు. అక్కకి తప్పులు పట్టడం సరదా. రాక్షసుడి వీపు మీద జిప్పు కనపడేది. తలుపు గట్టిగా వేస్తే రాతిగోడ ఊగేది. అన్నిటికంటే మాకు ఇష్టమైంది బల్ల మీది శవం. ఆ వేషం వేసినవాడు ఎంత బిగబట్టినా దుప్పటి కింద పొట్ట మెల్లగా పైకీ కిందికీ ఆడుతూనే ఉండేది. "శవం ఊపిరి పీలుస్తోంది చూడవే," అని అక్క నన్ను గిల్లేది. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం.

అక్కకి కలిదిండి సంబంధం కుదిరింది. బావ రొయ్యల చెరువులు చేసేవాడు. మెత్తని మనిషి. చెరువు మీద పనిచేసేవాళ్ళని కూడా "ఏవండీ" అనే పిలిచేవాడు. అక్క పోరు పడలేక ఒకసారి అలాంటి సినిమా ఒకటి చూడటానికి కూర్చుని, శవం లేచే సమయానికి తనూ లేచి చెప్పులేసుకున్నాడు. "నీళ్ళలో గాలి చాలక రొయ్యలు ఎప్పుడు తేలిపోతాయో అన్న భయమే నాకు చాలమ్మా. మళ్ళీ ఇదెందుకు?" అని నాతో చెప్పి చెరువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాకు తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నాన్న రిటైరయ్యారు. అమ్మ జబ్బు చేసి పోయింది. అక్క, బావ, బావ తల్లి కలిదిండిలో ఉండేవారు. వాళ్ళకి పిల్లలు కలగలేదు.

తుపాను గాలి వీచిన ఒక ఉదయం చెరువులో ఏరేటరు ఒకటి ఒరిగిపోయింది. నీటిని చిలికి రొయ్యలకి గాలి అందించే మోటారు అది. బావ దాన్ని నిలబెట్టడానికి నీళ్ళలోకి దిగాడు. కరెంటు తీసేశామనే అందరూ అనుకున్నారు. పక్క మోటారు తీగ తెగి నీళ్ళలో పడి ఉందని ఎవరూ చూసుకోలేదు.

నాకు కాలేజీ స్టాఫ్ రూములో ఫోను వచ్చింది. ఆకివీడులో బస్సు మారి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. జరిగింది తర్వాత బావ తల్లి చెప్పగా విన్నాను. ఆవిడని అక్కలాగే నేనూ అత్తయ్యగారు అనే పిలుస్తాను. చెరువుగట్టు మీద పడుకోబెట్టి ఒకళ్ళు అరిచేతులు, ఇంకొకళ్ళు అరికాళ్ళు రుద్దారట. ఛాతీ మీద గుద్దారట. ఆటోలో కైకలూరు ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు చూసి, "ప్రాణం పోయి చాలాసేపయిందమ్మా," అన్నాడట.

"ఛాతీ మీద కరెంటు పెట్టే మెషీను మీ దగ్గర ఉంటుంది కదండీ. పెట్టండి," అందట అక్క.

"గుండె పూర్తిగా ఆగిపోయాక అది పనిచెయ్యదమ్మా. సినిమాల్లో అలా చూపిస్తారు గానీ."

"కరెంటు వల్లే పోయారండీ. దాంతోనే రావాలి. ఒక్కసారి పెట్టి చూడండి."

డాక్టరు తల దించుకుని నర్సుని పిలిచాడట. అక్క ఆయన చెయ్యి వదల్లేదట.

కర్మకాండ అంతా అయ్యాక కూడా అక్క ఏడవలేదు. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళేదాన్ని. నెల మాసికానికి పొద్దున్నే వెళ్ళాను. ఆ మధ్యాహ్నం అక్క వెనకవైపు వరండాలో గోడకి ఆనుకుని ఫోను చూస్తూ కూర్చుని ఉంది. సౌండు లేదు. బావ ఫోటో చూసుకుంటోందనుకుని పక్కన కూర్చున్నాను. తెరమీద బంగళా, సీసాలు, తెల్లకోటు. చిన్నప్పుడు మేం చూసినవాటిలో ఒకటి. ఎవరో నెట్‌లో పెట్టారు.

"ఇదెలా చూడగలుగుతున్నావే?" అన్నాను.

అక్క ఫోను దించలేదు. "పొద్దున్నించీ ఎంతమంది వచ్చారో చూశావుగా. రాత అంటారు. దేవుడికి ఇష్టమైనవాళ్ళని ముందు తీసుకెళ్తాడంటారు. మనసు రాయి చేసుకోమంటారు. వీడు అవేవీ అనడే. పోయాడని చెప్తే వినడు. కోటు చేతులు మడుచుకుని పనిలోకి దిగుతాడు."

"పిచ్చివాడు కదే వాడు."

"ఊరంతా అదే అంటుంది వాణ్ణి. ఇక్కడ ఒక్కళ్ళన్నా అలా పిచ్చెక్కినవాళ్ళు ఉన్నారేమో చూపించు."

లోపల అందరూ భోజనాలు చేస్తున్నారు. నేనూ చేసి వచ్చాను.

అక్కకి ఏ సినిమా పడితే అది పనికొచ్చేది కాదు. కొత్తగా, బాగా ఖర్చుపెట్టి తీసింది ఒకటి చూపిస్తే కాసేపు చూసి ఫోను నాకిచ్చేసింది. అందులో శవం అచ్చం శవంలాగే ఉంది. నీలం తిరిగిన గోళ్ళు, బిగిసిన దవడ. కైకలూరులో తను చూసిందే అది. చవకవాటిలో అలా ఉండదు. ఒకసారి తెరమీద వేలు పెట్టి, "చూడు, పీలుస్తున్నాడు," అంది. దుప్పటి కింద పొట్ట ఆడుతోంది. చిన్నప్పుడు అన్నమాటే. నవ్వు మాత్రం లేదు. ఆ ఒక్కచోట వెనక్కి జరుపుకుని మళ్ళీ మళ్ళీ చూసేది. శవం వేళ్ళు కదలగానే సినిమా ఆపేసేది. లేచినవాడు తర్వాత ఏం చేస్తాడో మా ఇద్దరికీ తెలుసు.

కొన్నాళ్ళకి అత్తయ్యగారు కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. మొదట గుమ్మం లోపల బియ్యం ఏరుకుంటూ, ఆ తర్వాత పక్కకే వచ్చి. కోడలికి ఏమైనా అయిందేమోనని ఊళ్ళోవాళ్ళు ఆవిడని అడిగితే, "ఏదో చూసుకుంటోందండీ, చూసుకోనివ్వండి," అనేవారు.

సంగతి నాన్నకి తెలిసి, నాతో కలిసి కలిదిండి వచ్చారు. కాఫీ తాగి, కుర్చీ అక్క ముందుకు లాక్కున్నారు. కోప్పడలేదు. క్లాసులో చెప్పినట్టు నెమ్మదిగా మొదలుపెట్టారు.

"కప్పకాలికి కరెంటు తగిలిస్తే తన్నుకుంటుందమ్మా. మా ల్యాబులో నువ్వూ చూశావు. అది కండరం చేసే పని. ప్రాణం కాదు. ఈ సినిమాలవాళ్ళు ఆ ముక్క ఒకటి పట్టుకుని..."

"కదులుతుందా అన్నయ్యగారూ?" అన్నారు అత్తయ్యగారు వెనకనుంచి.

నాన్న తిరిగి చూశారు.

"పోయినతర్వాత కూడా కదులుతుందా అండీ? వేళ్ళూ అవీ?"

"కొన్నిసార్లు కదులుతాయి చెల్లెమ్మా. కొద్దిసేపు."

ఆవిడ బియ్యం చేట కింద పెట్టారు. "గట్టు మీద పడుకోబెట్టినప్పుడు మా వాడి వేళ్ళు కదిలాయండీ. ఈ చెయ్యి. నేను చూశాను. అరిచాను కూడా. ఆ గోలలో ఎవరూ వినలేదు. ఆ తర్వాత నేనూ ఎవరికీ చెప్పలేదు. అప్పటికి బతికే ఉన్నాడా అన్నయ్యగారూ?"

అక్క ఫోను ఒళ్ళో పడిపోయింది. ఇంత కాలం ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఈ మాట తనకి తెలియదు.

బయట చెరువుల మీద మోటార్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి నాన్న, "అది కండరమే చెల్లెమ్మా. అప్పటికే వాడికేమీ తెలియదు. నొప్పీ తెలియదు," అన్నారు. పాఠం మళ్ళీ ఎత్తుకోలేదు. అక్క పక్కనే కూర్చుని, ఆమె చూస్తున్న సినిమా తనూ చూశారు.

తిరిగి వస్తూ బస్సులో అడిగాను. "నిజమేనా నాన్నా, మీరు చెప్పింది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెలీదమ్మా," అన్నారు.

ఆ రోజు నుంచి అత్తయ్యగారే సినిమా పెట్టమని అడిగేవారు. ఒక ఆదివారం నేనూ ఉన్నాను. శవం వేళ్ళు కదిలాయి. అక్క అలవాటుగా ఆపబోయింది.

"ఆపకమ్మా. తర్వాత ఏమయిందో చూడనీ," అన్నారావిడ.

చూశాం. సైంటిస్టు పోయిన కొడుకుని లేపాడు. లేచినవాడికి మాట లేదు. చూపు ఎక్కడో ఉంది. తల్లి దగ్గరికొచ్చి పేరుపెట్టి పిలిస్తే గొంతు పట్టుకున్నాడు. మీద పూసిన రంగు చెమటకి కారిపోతోంది, జుట్టు విగ్గని తెలిసిపోతోంది. అయినా మాకెవరికీ నవ్వు రాలేదు. చివరికి సైంటిస్టే ఆ గదికి నిప్పు పెట్టి, తలుపు లోపలినుంచి గడియ వేసుకున్నాడు.

అత్తయ్యగారు తెర నల్లబడేదాకా కదల్లేదు. తర్వాత, "ఇలాగైతే వద్దమ్మా," అన్నారు.

అక్క అప్పుడు ఏడ్చింది. ఆవిడ దగ్గరికి తీసుకోలేదు, ఓదార్చలేదు. పక్కనే కూర్చుని తనూ ఏడ్చారు. నేను వరండా మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాను.

ఇలాంటి సినిమాలు ఇంకా తీస్తూనే ఉన్నారు. అదే గది, అవే సీసాలు, అదే మీట. మా కాలేజీ పిల్లలు కూడా ఫోన్లలో చూసుకుని నవ్వుకుంటుంటారు. బాగుంటాయని ఎవరూ అనరు. అయినా వాటికి చూసేవాళ్ళు తప్పరు. చావుని ఒప్పుకోనివాణ్ణి కాసేపు చూడాలని ఉంటుంది మనిషికి. అలా ఒప్పుకోకపోతే ఏమవుతుందో కూడా చివరిదాకా చూడాలని ఉంటుంది. అది బొమ్మరిల్లులాంటి సెట్టులో జరిగితే తట్టుకోవచ్చు.

రాత్రింబవళ్ళు ఆ మోటార్ల చప్పుడు భరించలేక అక్క కలిదిండిలో ఉండలేనంది. చెరువులు దాయాదులకి అప్పగించి, అత్తాకోడళ్ళు ఏలూరు వచ్చేశారు. నాన్న ఇంటికి దగ్గర్లో రెండు గదుల వాటా తీసుకున్నారు. అక్క పిల్లలకి ట్యూషన్లు చెబుతోంది. పైకి బాగానే ఉంది. కానీ ఇప్పటికీ స్విచ్చి మీద చెయ్యి వెయ్యదు. చీకటి పడితే పిల్లల్లో ఎవరో ఒకళ్ళు లైటు వేస్తారు. మిక్సీ నేను వెళ్ళినప్పుడు నేను తిప్పుతాను. ఆదివారాలు సినిమా చూసే వేళకి అత్తయ్యగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని మెల్లగా లేచి, టీవీ స్విచ్చి వేసి వచ్చి కూర్చుంటారు.