బయట పలకరించుకోని వాళ్ళం

మా మందుల సెంటర్లో ఎవరూ నేర్పకపోయినా అందరూ పాటించే మర్యాద ఒకటుంది. లోపల ఒకే బెంచీ మీద కూర్చుని, పిల్లల చదువుల నుంచి వానల దాకా అన్నీ మాట్లాడుకున్నవాళ్ళం, గేటు దాటగానే ఒకరికొకరం తెలియం. బజారులో ఎదురుపడితే చూపు పక్కకు తిప్పుకుంటాం. పలకరిస్తే వెంట ఉన్నవాళ్ళు ఎవరు, యాడ పరిచయం అని అడుగుతారు కదా. పుట్టుకతోనే హెచ్‌ఐవీ వచ్చిన నాకు ఈ విద్య చిన్నప్పుడే వంటబట్టింది. అసలే సిగ్గరిని కావడంతో తక్కిన జనాన్ని కూడా ఇలాగే దాటిపోయేదాన్ని.

వరుసలో కూర్చున్నప్పుడు తెలుగు నవలొకటి ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఒకరోజు పక్కనున్న అబ్బాయి చాలాసేపు నా పేజీలోకి తొంగిచూసి నోరు తెరిచాడు.

"నాకు తెలుగు మాట్లాడేది వస్తాది, చదివేది రాదు. కన్నడ మీడియం. ఏం జరగతాందో చెప్తావా? లైన్ కదిలేతట్టు లేదు."

అతని ఊరు హచ్చొళ్ళి, ఉద్యోగం తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో. నాలాగే పుట్టుకతో వచ్చినవాడే. ఆ రోజు మొదలు, మందులకు వచ్చినప్పుడల్లా అతనికి కథ కొంచెం కొంచెంగా చెప్పాను. నా గొంతు ఎంత చిన్నదంటే, వినడానికి అతను వంగేవాడు. అతన్ని చూసి ముందు బెంచీలో పెద్దమ్మ కూడా వెనక్కి వంగేది. "పాపా, రోంత గట్టిగా చెప్పు. ఆ అత్త ఏమనింది?" అని ఆమె నిలదీస్తే నాకు చెవులు వేడెక్కేవి. అయినా గొంతు పెంచాను.

ఇంతలో నా రక్త పరీక్షలో వైరస్ పెరిగిందని తేలింది. పాత మందు పనిచేయడం లేదని డాక్టరు కొత్తది రాశారు. అది పట్టిందో లేదో తెలియాలంటే కొన్ని నెలలు వాడి మళ్ళీ రక్తం ఇవ్వాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే అతను, కౌల్ బజార్లో ఒక హోటల్లో ఉగ్గాని, బజ్జి బాగుంటాయి, వస్తావా అని అడిగాడు. దొంగతనానికి పిలిచినట్టు ఉలిక్కిపడ్డాను. బయటా, ఇద్దరం కలిసా!

"రిపోర్టు బాగుంటే వస్తా," అన్నాను.

"బాగలేకుంటే?"

"కథ ఆడికే నిలిచిపోతాది."

కథ అప్పటికి కడపటి అధ్యాయానికి వచ్చింది. కథానాయిక తలుపు వెనక నిలబడి ఉంది, బయట ఆమె కోసం వచ్చినవాడు తలుపు తడుతున్నాడు. రిపోర్టు ఎట్లున్నా బజ్జి రుచి మారదని అతను వాదించాడు. నేను వినలేదు. మందు పట్టకపోతే ఇంకొక మందు, ఇంకొక ఎదురుచూపు. అందులోకి అతన్ని లాగడం నాకు ఇష్టం లేదు.

రిపోర్టు రోజున అతను పొద్దున్నే మందులు తీసుకుని, హోటల్ దగ్గర ఉంటానని చెప్పి వెళ్ళాడు. లోపల కౌన్సిలర్ అక్క కంప్యూటర్ చూసి నవ్వింది. "వైరస్ మిషన్‌కు కూడా దొరకనంత తగ్గిపోయిందమ్మా. మందు బాగా పట్టింది. అట్లని మాత్ర మాత్రం ఆపేది లేదు, తెల్సిందా?"

తెలిసిందని తలూపాను. బయటికి వచ్చాక కాళ్ళు నేల మీద ఆనలేదు. నన్ను పెంచిన అవ్వ మెట్ల మీద కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. మాట రాక నవ్వుతూ నిలబడితే ముందు భయపడింది. సంగతి చెప్పగానే వాచ్‌మన్ తిరిగి చూసేంత గట్టిగా ఆమెన్ అంది. పుస్తకాల అంగడికి పోయొస్తానన్నాను.

"పుస్తకాలు కొనేదానికి కొత్త చుడీదార్ ఎందుకో," అంది అవ్వ, నా చున్నీ సర్దుతూ.

కౌల్ బజార్లో ఆటోలు, బండ్లు, జనం. వాళ్ళ మధ్య నుంచి అతను ఎదురొచ్చాడు. కళ్ళు కలిశాయి. నేను చటుక్కున గాజుల అంగడి వైపు తిరిగాను. అతను ఆకాశం చూశాడు. ఇద్దరం భుజాలు తగిలేంత దగ్గరగా, ఎవరో ఏమో అన్నట్టు, చక్కగా దాటిపోయాం.

నాలుగడుగులు వేశాక నాకు బుర్ర వెలిగింది. వెనక్కి చూస్తే అతనూ రోడ్డు మధ్యలో ఆగి, తల పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"ఓయప్పా, నేనే!" అని అరిచాను. బజారులో అరవడం నాకదే మొదలు.

"ఎవరు పాపా?" అంది గాజులమ్మ. ఇన్నేళ్ళూ ఏ ప్రశ్నకు భయపడి తల తిప్పుకున్నానో, అదే ప్రశ్న.

"నాకు తెలిసినాయన," అన్నాను. ఆమె అవునా అని, గాజులు తుడుచుకోవడంలో పడిపోయింది. అంతే.

హోటల్లో ఉగ్గాని వచ్చింది. అతను రిపోర్టు గురించి అడగనే లేదు, నా ముఖంలోనే చదివేసుకున్నాడు కాబోలు. బజ్జి తుంచుతూ, "ఇంతకీ ఆయమ్మ తలుపు తీసిందా లేదా?" అన్నాడు.

"తీసింది," అన్నాను. ఈసారి అతను వంగాల్సిన పని పడలేదు.